పట్టా, పనిముట్టు

(సత్తెనపల్లిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



పదో తరగతి తర్వాత ఆడపిల్లకు డిగ్రీ మేలా, చేతిపని మేలా అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఫలితాలు రాగానే తల్లులు మీ దగ్గరికొచ్చి ఈ ప్రశ్న అడుగుతారు. నన్నూ అడుగుతారు. అయితే వాళ్లు అడిగే తీరు గమనించారా? కొడుకు విషయంలో "వీణ్ణి ఎందులో వేస్తే పైకొస్తాడమ్మా?" అంటారు. కూతురి విషయంలో "దీన్ని ఎందులో వేస్తే తొందరగా అయిపోద్ది?" అంటారు. అదే ఇల్లు, అదే తల్లి, ఒక్కోసారి కూతురికే నాలుగు మార్కులు ఎక్కువ. ప్రశ్నలోనే తేడా ఉన్నప్పుడు మనం చెప్పే జవాబు ఎంత మంచిదైనా ఆ తేడాకే పనికొస్తుంది. అందుకని డిగ్రీయా, పనా అని తేల్చడానికి ముందు, ఆ రెండూ ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి ఏ రూపంలో వస్తున్నాయో చూద్దాం.

మన చుట్టుపక్కలవన్నీ పత్తీ మిరపా పండే ఊళ్లు. చేతిలో కాస్త డబ్బాడే ఇంట్లో కొడుకును గుంటూరులోనో విజయవాడలోనో హాస్టల్లో వేస్తారు. కూతురికి మాత్రం పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరే కాలేజీ వెతుకుతారు. ఆ కాలేజీలో ఏ గ్రూపు ఉంటే అదే ఆ పిల్లకు ఇష్టమైన గ్రూపు. బస్సు ఆగిపోతే చదువు ఆగిపోతుంది. మిరపకోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో క్లాసులో ఎవరుండరో లెక్చరర్లను అడగండి, చెబుతారు.

దీని వెనక ఇంకో లెక్క ఉంది. చాలామంది తండ్రులు బయటికి చెప్పరు, తల్లులు చెబుతారు. పిల్ల ఎంత చదివితే అంతకు మించి చదివిన కుర్రాణ్ణి తేవాలి, అతనికి అంతకు మించి కట్నం ఇవ్వాలి. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఆరు దశాబ్దాలు దాటినా ఆడపిల్ల ఏ క్లాసు దాకా చదవాలో ఆ నిషేధించిన కట్నమే నిర్ణయిస్తోంది. ఇంజనీరింగ్ సీటు వచ్చినా మూడేళ్ల డిగ్రీలో చేర్పించడానికి ఫీజొక్కటే కారణమని నేను అనుకోను.

ఈ మధ్య "డిగ్రీలు దండగ, ఏదో ఒక పని నేర్చుకుంటే నాలుగు డబ్బులొస్తాయి" అనే మాట బాగా వినిపిస్తోంది. మగపిల్లల విషయంలో ఆ మాటలో కొంత నిజం ఉండవచ్చు. ఆడపిల్లల విషయంలో నేను దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. ఇంటరూ డిగ్రీ కలిపి అయిదేళ్లు. పదిహేనేళ్ల పిల్ల ఆ అయిదేళ్లూ కాలేజీకి పోతూ ఉంటే ఇరవై ఏళ్ల దాకా పందిట్లో కూర్చోబెట్టకుండా ఆపినట్టే. "చదువుకుంటోంది" అనే ఒక్క మాటకు మన ఊళ్లలో ఇంకా విలువుంది. సంబంధం తెచ్చిన పెద్దమనిషి కూడా ఆ మాట వింటే ఓ ఏడాది ఆగుతాడు. మరి ఏడాది కోర్సేదో చేయించి చేతికి పని అప్పజెబితే? పదహారేళ్లకే "చదువు అయిపోయింది" అంటారు. చేతిపని గురించి మాట్లాడేటప్పుడు కార్యకర్తలు మరవకూడని విషయం ఇది.

అలాగని డిగ్రీని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ల్యాబు తలుపులు తియ్యని కాలేజీల్లో సైన్సు డిగ్రీలు ఇస్తున్నారు. ఆ పట్టా పుచ్చుకున్న పిల్లలు ప్రైవేటు బళ్లో పిల్లలకు అ ఆలు దిద్దిస్తూ, పక్కనే అదే పని చేసే మగ మాస్టారి కంటే తక్కువ జీతానికి సంతకం పెడుతున్నారు. పట్టా ట్రంకుపెట్టెలో పెళ్లి చీరల అడుగున ఉంటుంది. చదివిన పిల్ల కాబట్టి కూలికి పోకూడదు, ఆడపిల్ల కాబట్టి పొరుగూరు ఉద్యోగానికి పోకూడదు. ఇంట్లో కూర్చోవడానికి ఇంత చదువెందుకని మళ్లీ ఆ పిల్లనే అంటారు.

ఇక చేతిపని సంగతి. ఈ ఆలోచన మనకు కొత్త కాదు. 'మాలపల్లి' రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1877లో పుట్టింది వేములూరుపాడులో. అప్పట్లో అది సత్తెనపల్లి తాలూకా. ఆయనా, ఆయన సహచరి లక్ష్మీబాయమ్మ గారూ కలిసి 1922లో గుంటూరులో శారదానికేతనం పెట్టారు. అక్కడికి చేరిన వాళ్లలో వితంతువులున్నారు, ఇంట్లో నీడ లేనివాళ్లున్నారు. వాళ్లకు చేతిపనులు నేర్పారు. దాంతో సరిపెట్టలేదు, భాషాప్రవీణ లాంటి పరీక్షలకూ కూర్చోబెట్టారు. అది నాకు నచ్చిన సంగతి. భాషాప్రవీణ ప్యాసైతే హైస్కూల్లో తెలుగు పండితురాలు కావచ్చు. అంటే ఆ పట్టాయే ఒక పనిముట్టు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి గారూ దాదాపు ఇదే దారి పట్టారు. ఒకపక్క చేతిపనుల శిక్షణ, ఇంకోపక్క మెట్రిక్ పరీక్షకు తయారీ. నిలువనీడ లేని ఆడవాళ్లకు కూడా ఇది కావాలా, అది కావాలా అని వాళ్లు బేరం పెట్టలేదు.

ఆ తర్వాత ప్రభుత్వాలు చేసిందేమిటి? 1979లో గ్రామీణ యువతకు స్వయం ఉపాధి శిక్షణ కోసం ట్రైసెం పథకం పెట్టారు. లబ్ధిదారుల్లో మూడో వంతు స్త్రీలుండాలన్నారు. మంచిదే. కానీ ఆ మూడో వంతుకు నేర్పిందేమిటని మన పెద్దవాళ్లను అడిగితే ముందు వచ్చే జవాబు కుట్టుపని. మగపిల్లవాడికి పంపుసెట్టు రిపేరు, ఆడపిల్లకు కుట్టుమిషను. 1999లో ఆ పథకం పోయి వేరే పేరుతో ఇంకోటి వచ్చింది, కుట్టుమిషను మాత్రం పోలేదు. ఎన్నికలొచ్చినా అదే పంచుతారు. మిషను మీద నాకు కోపమేమీ లేదు. దాని మీద పిల్లల్ని చదివించుకున్న ఆడవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నా ప్రశ్న ఏమిటంటే, అదొక్కటే ఎందుకు? ఎందుకంటే దాన్ని వసారాలో పెట్టుకోవచ్చు. అన్నం పొయ్యి మీద పెట్టి రెండు జాకెట్లు కుట్టవచ్చు. గడప దాటక్కర్లేదు, ఇంటిచాకిరీ ఆగదు, మొగుడికి ఇబ్బంది లేదు. స్త్రీకి ఇచ్చే నైపుణ్యం పితృస్వామ్యానికి ఏ అసౌకర్యం కలిగించకూడదన్నది ఎవరూ కాగితం మీద రాయని షరతు. బజార్లో బోర్డు కట్టిన షాపు ఎవరిదో చూడండి. "లేడీస్ టైలర్" అని రాసి ఉన్నచోట చాలావరకు లోపల కత్తెర పట్టుకున్నది మగవాడే.

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి. శిక్షణకు రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేలు, ఆపైన తక్కువ వడ్డీకి రుణం. దర్జీ పని, తాపీ పని కూడా జాబితాలో ఉన్నాయి. అయితే కుటుంబంలో ఒక్కరికే నమోదు. మొగుడు కత్తిరిస్తాడు, పెళ్లాం కుట్టి, కాజాలు వేసి, హుక్కులు పెడుతుంది. ఆ ఒక్కరు ఎవరవుతారో నేను చెప్పాలా?

అసలు నైపుణ్యం అంటే ఏమిటో కూడా మనం అడగాలి. కనీస వేతనాల లెక్కలో నైపుణ్యం ఉన్న పని, సగం ఉన్న పని, లేని పని అని మెట్లుంటాయి. ఇల్లు కట్టే చోట మేస్త్రీ మగవాడు. మాలు కలిపేది, తట్ట మోసేది, ఇటుక అందించేది ఆడది. ఇరవై ఏళ్లు మేస్త్రీ పక్కన నిలబడి ఎన్ని పాళ్ల ఇసుకకు ఎంత సిమెంటో కళ్లతోనే చెప్పగల మనిషి కూడా చివరిదాకా కూలీయే. తాపీ చేతికివ్వరు. మిరపకాయ తాలేదో మంచిదేదో ఒక్క చూపులో ఏరి పారేసే చేతులు మన చుట్టూ ఎన్ని ఉన్నాయి! దానికి నైపుణ్యం అనే పేరు లేదు, పేరు లేదు కాబట్టి కూలీ రేటు లేదు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, ఇప్పుడది వేతనాల స్మృతిలో కలిసింది. సమాన పనికి సమాన వేతనం అంటుంది చట్టం. ఆడవాళ్లకు ఆ పనే ఇవ్వకపోతే చట్టం ఏం చేస్తుంది?

కాబట్టి ఆడపిల్లకు పని నేర్పాలి అనేవాళ్లను నేను అడిగేది ఒకటే: ఏ పని? ఒక ఉదాహరణ చెబుతాను. బోర్లకిందా కాలువలకిందా వ్యవసాయం చేసే మన ప్రాంతంలో మోటార్లు కాలిపోతూనే ఉంటాయి. రివైండింగు షాపులకు ఏడాది పొడుగునా పని. కాలిన తీగ విప్పి, చుట్లు లెక్కపెట్టుకుని, సన్నని రాగి తీగను అదే లెక్కన చుట్టి గాళ్లలో కూర్చాలి. ఒక చుట్టు తప్పితే మోటారు నిలవదు. దీనికి కావలసింది బండబలం కాదు, ఓపిక, కంటిచూపు, వేళ్ల నేర్పు. మగ్గం వర్క్ చేసే అమ్మాయిలను చూశారు కదా! చట్రానికి బిగించిన బట్ట మీద వందల పూసలు లెక్క తప్పకుండా కుడతారు. అదే ఓపిక, అదే కన్ను, అవే వేళ్లు. సూది పట్టుకుంటే ఆడపని, రాగితీగ పట్టుకుంటే మగపని. ఈ గీత గీసింది ప్రకృతి కాదు.

నాకు తెలిసిన ఒక అమ్మాయి ఈ గీత దాటాలనుకుంది. పేరు చెప్పను. వ్యవసాయ కూలీల బిడ్డ. పదిలో మంచి మార్కులొచ్చాయి. ఇంట్లో చిన్నప్పటి నుంచీ స్విచ్చులు విప్పి బిగించే అలవాటు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేస్తానంది. మేనమామ "స్తంభాలెక్కే పిల్లకు సంబంధాలొస్తాయా?" అన్నాడు. తల్లి భయం వేరు. తరగతిలో అందరూ మగపిల్లలే, సాయంత్రం బస్సు ఆలస్యమైతే ఎలా అని. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. మన కార్యకర్తలు ఇద్దరు తల్లితో కలిసి వెళ్లి ఆ ఐటీఐ చూసొచ్చారు. ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉంది, తాళం మాత్రం ఆఫీసు గదిలో ఉంది. ముందు ఆ తాళం తీయించారు, తర్వాతే పిల్ల చేరింది.

చేరాక కొత్త సంగతి బయటపడింది. ప్రాక్టికల్స్‌లో మగపిల్లలు వైరింగు చేస్తుంటే ఈ అమ్మాయి చేత అందరి రికార్డులూ రాయిస్తున్నారు. "అమ్మాయి చేతిరాత ముత్యాల్లా ఉంటుంది" అని మెచ్చుకుంటూ! ఆరు నెలలు ఆమె ప్లయరు పట్టింది తక్కువ, కలం పట్టింది ఎక్కువ. ఇలా పట్టా వస్తే దానికీ ట్రంకుపెట్టెలో పట్టాకీ తేడా ఏమిటి? ఆ అమ్మాయే మాకు చెప్పింది, ఆ అమ్మాయే అడిగింది కూడా. నా బోర్డు నాకు కావాలి, నా రికార్డు మాత్రమే నేను రాస్తాను అంది. మనవాళ్లు పక్కన నిలబడ్డారంతే. ఇప్పుడు అప్రెంటిస్‌గా చేస్తోంది. దూరవిద్యలో డిగ్రీకి కూడా కట్టింది. సంబంధాలు వస్తూనే ఉన్నాయట, తనే ఆగమంటోంది.

పని నేర్చుకుంటే మాత్రం తలుపు తెరుచుకుంటుందా? తెలంగాణలో ఏం జరిగిందో చూడండి. 2019లో అక్కడి దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ప్రకటన ఇస్తూ స్త్రీలు అర్హులు కారంది. ఐటీఐ చేసిన అమ్మాయిలు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు అనుమతితో రాతపరీక్ష రాశారు, 2020 చివర్లో స్తంభం ఎక్కే పరీక్షా నెగ్గారు. సిద్ధిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష 2021లో ఉద్యోగంలో చేరింది. పత్రికలన్నీ తొలి లైన్‌ఉమన్ అని ఫోటోలు వేశాయి. ఫోటోలు సరే, నాకు ముఖ్యమనిపించింది వేరే. ఆమెకు సర్టిఫికెట్ ఇచ్చింది ప్రభుత్వ గుర్తింపున్న శిక్షణ. ఆ సర్టిఫికెట్ చెల్లదన్నది ప్రభుత్వ సంస్థ. ఒక చేత్తో నేర్పి ఇంకో చేత్తో తోసేశారు. ఆమె స్తంభం ఎక్కడానికి ముందు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ప్రతి ఊళ్లో ఒక పిల్ల కోర్టుకు పోలేదు. ఉద్యోగ ప్రకటనల్లో సన్న అక్షరాలు చదివే పని మనది.

పెద్ద చదువుల్లోనూ ఇదే కథ. అయ్యలసోమయాజుల లలిత గారు తెలుగు కుటుంబంలో పుట్టిన తొలితరం మహిళా ఇంజనీరు. పద్దెనిమిదేళ్లకు చంటిబిడ్డతో వితంతువయ్యారు. మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి 1943లో పూర్తిచేశారు. పట్టా మీద పురుషుణ్ణి సూచించే మాట అచ్చయి ఉంటే దాన్ని కొట్టేసి స్త్రీని సూచించే మాట చేత్తో రాసిచ్చారు. స్త్రీ వస్తుందని కాగితం కూడా అనుకోలేదు మరి! ఆమె జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాదిపాటు అప్రెంటిస్‌గా పనిచేశారు. డిగ్రీ తీసుకున్న మనిషీ చేతికి నూనె అంటించుకోవలసిందే. తర్వాత భాక్రానంగల్ విద్యుత్ లైన్ల పనిలో ఆమె చెయ్యి ఉంది. చదువు వేరు, పని వేరు అనే గోడ అసలు చదువుకున్నవాళ్లకు ఉండదు. మనలాంటివాళ్ల పిల్లల దగ్గరే ఆ గోడ కడతారు.

తల్లులకు చెప్పడానికి వీలుగా దారి వివరిస్తాను. పదో తరగతి తర్వాత ఐటీఐ ఒక దారి, పాలీసెట్ రాసి పాలిటెక్నిక్ ఇంకో దారి. ఈ దారులు మూసుకుపోయే సందులు కావు. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే వీలుంది. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. అంటే చేతిపనితో మొదలుపెట్టిన పిల్ల పట్టా దాకా వెళ్లవచ్చు, మధ్యలో సంపాదిస్తూ కూడా. గుంటూరులో ఆడపిల్లలకు ప్రత్యేకంగా ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. "తొందరగా అయిపోయేది" అడిగిన తల్లికి మనం చూపించాల్సింది ఇదే. ముందు పని చేతికొస్తుంది, చదువు మాత్రం అయిపోదు. పెళ్లి మాట వచ్చినప్పుడు పిల్ల "ఇంకా చదువుతున్నా" అనగలగాలి, అది నిజమూ కావాలి.

అప్రెంటిస్‌షిప్ గురించి ఒక మాట. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం ఒప్పందం రాసుకోవాలి, స్టైపెండ్ ఇవ్వాలి. ఆ ఒప్పందం నకలు పిల్ల దగ్గర ఉండాలి, స్టైపెండ్ పిల్ల పేరున ఉన్న ఖాతాలోనే పడాలి, తండ్రి ఖాతాలో కాదు. ఇక వేధింపుల సంగతి. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఉద్యోగినులకే అనుకుంటారు చాలామంది. ట్రైనీలూ అప్రెంటిస్‌లూ కూడా దాని కిందికొస్తారు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. వైండింగు షాపులో ముగ్గురే ఉంటారు కదా అంటే, అలాంటి వాళ్ల కోసం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక మనకు కలెక్టరాఫీసు నరసరావుపేటకు వచ్చింది. ఆ కమిటీలో ఎవరున్నారో, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో కనుక్కుని ప్రతి ఐటీఐ గోడ మీదా రాయించండి. పిల్లను పనికి పంపడానికి భయపడే తల్లికి మన ధైర్యవచనాల కంటే ఆ గోడమీద రాత ఎక్కువ ఉపయోగం.

చివరగా సర్టిఫికెట్ల విషయం. ఫీజు బకాయి ఉందనో, రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదనో కాలేజీలు అసలు సర్టిఫికెట్లు ఆపేస్తున్నాయి. మధ్యలో మానేసిన పిల్లల పదో తరగతి మెమోలు కూడా అక్కడే ఉండిపోతున్నాయి. మగపిల్లవాడైతే నాలుగుసార్లు తిరిగి, గొడవపడి తెచ్చుకుంటాడు. ఆడపిల్లను అంతలో అత్తారింటికి పంపేస్తారు, కాగితాలు కాలేజీ బీరువాలో ఉంటాయి. ఐటీఐలో చేరాలన్నా, అప్రెంటిస్‌గా పోవాలన్నా ఆ కాగితమే కావాలి. డిగ్రీ కాలేజీలు విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. మీ మీ ఊళ్లలో ఇలా కాగితాలు ఇరుక్కుపోయిన ఆడపిల్లల జాబితా రాయండి. పేరు, ఏ ఏడాది చేరింది, ఏ ఏడాది మానేసింది, ఏ కాగితాలు అక్కడున్నాయి, అంతే చాలు. పెళ్లై వెళ్లిపోయినవాళ్ల పేర్లు కూడా వదలొద్దు. వచ్చే సమావేశానికి ఆ జాబితాలు తీసుకురండి. అర్జీలు ఇక్కడే కూర్చుని రాద్దాం.